అమ్మ చీరల బొంత మీద గళ్ల కుట్టు వంకరపోతోంది, తిన్నగా రావాలంటే ఎలా?

కావలి కోడలు (ఆదివారం రాత్రి)

అందరికీ నమస్కారం. మాది కావలి. అమ్మ పోయి ఏడాది దాటింది. ఆమె కట్టుకున్న నూలు చీరలు పదకొండు నా దగ్గరున్నాయి. బీరువాలో పెట్టి చూసుకుంటూ కూర్చుంటే పురుగు కొడుతుంది గానీ అమ్మ రాదు అని మా చిన్నత్త అంటే, ధైర్యం చేసి కత్తెర పట్టాను.

ఒక్కో చీరలో బాగున్న చోటు చూసి ఒక్కో పట్టీ తీశాను. పట్టీలన్నీ ఒకే వెడల్పు కాదు. కొన్ని 5 అంగుళాలు, కొన్ని 8. అడ్డంగా ఒకదాని కింద ఒకటి కలిపి కుడితే 44 అంగుళాల వెడల్పు, 68 అంగుళాల పొడవు వచ్చింది. మధ్యలో దూది షీటు, అడుగున తెల్ల మల్లు గుడ్డ. దాని మీద నిలువునా అడ్డంగా 2 అంగుళాల గళ్లు వచ్చేలా మిషన్ కుట్టు వేద్దామనుకున్నాను.

నిలువు గీతలు ముందు మొదలుపెట్టాను. ఎనిమిదో గీతకే ఏదో తేడా అనిపించింది. పదకొండో గీత దగ్గర టేపు పెట్టి చూస్తే పైన అంచు నుంచి 22 అంగుళాలు, కింద ఇరవై ఒకటిన్నర. తిరగేస్తే అడుగు గుడ్డ గీతకీ గీతకీ మధ్య ముడతలు పడి ఉంది. ఆ రాత్రి కూర్చుని మొత్తం విప్పేశాను. పాత చీరలు, ఇంకోసారి విప్పితే గుడ్డ తట్టుకోదు. అందుకే ఈసారి తెలుసుకుని మొదలుపెడదామని అడుగుతున్నాను.

ఒంగోలు టీచరమ్మ (ఆదివారం రాత్రి)

ముందు మూడు సంగతులు చెప్పమ్మా. గీతలు ఏ స్కేలుతో గీశావు? మిషన్‌కి ఏ ఫుట్ (సూది దగ్గర గుడ్డను నొక్కి పట్టే ముక్క) పెట్టావు? మొదటి గీత ఎక్కడ వేశావు, అంచులోనా, మధ్యలోనా?

కావలి కోడలు

పిల్లల స్కూలు స్కేలు, 12 అంగుళాలది. టైలరు సుద్దతో గీశాను. పాత నల్ల మిషనే, మోటారు పెట్టించాం. ఫుట్ మామూలుదే. మొదటి గీత ఎడమ అంచు దగ్గర వేసి, దాని నుంచి 2 అంగుళాలు కొలిచి రెండోది, రెండోదాని నుంచి మూడోది, అలా పోయాను.

ఒంగోలు టీచరమ్మ

అయితే నీకు వచ్చింది ఒక ఇబ్బంది కాదు, రెండు. రెండూ ఒకేసారి రావడంతో ఏది ఎందుకు జరిగిందో తెలియలేదు. విడివిడిగా చెప్తాను.

మొదటిది గీత గీయడంలో. 68 అంగుళాల గీతకి 12 అంగుళాల స్కేలు అంటే ఆరుసార్లు జరపాలి. జరిపినప్పుడల్లా వెంట్రుకవాసి కోణం మారుతుంది. పైగా ప్రతి గీతనీ పక్క గీత నుంచే కొలిచావు. పక్క గీతలో ఉన్న తప్పు దీనికి వస్తుంది, దీని తప్పు తర్వాతదానికి పోతుంది. 44 అంగుళాల్లో 2 అంగుళాల చొప్పున 21 నిలువు గీతలు పడతాయి. గీతకి అర మిల్లీమీటరు తప్పినా చివరికి సెంటీమీటరు దాటుతుంది. ఆ అర మిల్లీమీటరు సుద్ద గీత మందంలోనే ఉంది. పదకొండింటికే నీకు అర అంగుళం వచ్చిందంటే ఇంకా కొంచెం ఎక్కువే తప్పుతోంది.

అందుకని పక్క గీతని నమ్మొద్దు. బొంత మధ్యలో నిలువు ఒకటి, అడ్డం ఒకటి వేసుకో. ఆ రెండూ నిక్కచ్చిగా ఉండాలి. వాటికోసం ఒక పూట పోయినా పరవాలేదు. మిగతా గీతలన్నీ ఆ రెండింటి నుంచే కొలవాలి. మధ్య నుంచి 2, మధ్య నుంచి 4, మధ్య నుంచి 6. అప్పుడు ఏ గీత తప్పు ఆ గీతతోనే పోతుంది.

రెండోది కుట్టడంలో. మిషన్‌లో అడుగున ఉన్న పళ్లు కింది గుడ్డను మాత్రమే వెనక్కి లాగుతాయి. పైనున్న ఫుట్ కదలదు, గుడ్డను నొక్కి పట్టుకుంటుంది. రెండు పొరల జాకెట్ గుడ్డకి ఆ తేడా తెలియదు. మధ్యలో దూది షీటు పెట్టేసరికి కింది పొర ముందు నడుస్తుంది, పై పొర వెనకబడుతుంది. ఆ మిగులే నీకు ముడతలుగా కనిపించింది. పై పొర జరిగితే దాని మీద గీసిన గీత కూడా జరుగుతుంది కదా. నువ్వు గీత మీదే కుట్టినా కుట్టు వంకరగానే వస్తుంది.

దీనికి వాకింగ్ ఫుట్ అని దొరుకుతుంది. దానికీ కింద పళ్లుంటాయి. సూదితో పాటు లేస్తూ దిగుతూ పై గుడ్డను కూడా లాగుతుంది. కొనేముందు నీ మిషన్ సూదిని పట్టే స్క్రూ మీద దాని చెయ్యి సరిగ్గా కూర్చుంటుందో లేదో షాపులోనే పెట్టి చూడు. సూది కొత్తది, 14 నంబరు వెయ్యి. కుట్టు పొడవు 3 మిల్లీమీటర్లు.

స్టోన్‌హౌస్‌పేట టైలర్ (సోమవారం)

అమ్మా, నెల్లూరులో ముప్పై ఏళ్లుగా ఇదే పని నాది. టీచర్ గారు చెప్పింది కరెక్టే. ఆ ఫుట్ దొరక్కపోతే మాత్రం ఆగిపోవద్దు. మిషన్ తల మీద, ఫుట్ కడ్డీకి పైన ఒక స్క్రూ ఉంటుంది. ఫుట్ ఎంత గట్టిగా నొక్కాలో అదే చూసుకుంటుంది. మందం గుడ్డకి దాన్ని కొంచెం వదులు చేస్తే సగం ముడత అక్కడే పోతుంది. మూడు పొరలతోనే ఒక చిన్న ముక్క చేసుకుని, స్క్రూ ఒక్కో చుట్టు తిప్పినప్పుడల్లా కుట్టి చూసుకో.

సుద్ద గురించి ఒక మాట. మొత్తం గీతలు ఒకేసారి గీయొద్దు. బొంతను చుట్టి మిషన్ కిందకి తోస్తుంటే రాపిడికి సుద్ద రాలిపోతుంది. నాలుగు గీతలు గీయి, కుట్టు, మళ్లీ గీయి. మేమైతే ఒంటి సబ్బు అరిగిపోయి పల్చగా మిగిలిన ముక్కని ఎండబెట్టి వాడతాం. తెల్ల సబ్బే తీసుకో, రంగు సబ్బు వద్దు. అంచు పదునుగా ఉంటే గీత దారం మందాన వస్తుంది, ఉతికితే పోతుంది.

కుట్టేటప్పుడు ఒక గీత పై నుంచి కిందికి, తర్వాతది కింద నుంచి పైకి వెయ్యి. లాగుడు రెండు వైపులా సమానమవుతుంది.

ఒంగోలు టీచరమ్మ

బాబాయ్, మిగతావన్నీ ఒప్పుకుంటాను. ఆ చివరి మాటతో మాత్రం కాదు. ఎదురెదురుగా కుడితే ఒక గీత గుడ్డను ఇటు తోస్తుంది, పక్కది అటు తోస్తుంది. రెంటి మధ్య గుడ్డ ఏటవాలుగా మెలిపడుతుంది. గీతలన్నీ ఒకే వైపు నుంచి మొదలుపెట్టాలని నేను పిల్లలకి చెప్తాను.

స్టోన్‌హౌస్‌పేట టైలర్

మా దగ్గర పరుపు కవర్లు చానా కుట్టాం అమ్మా, ఎదురెదురుగానే. ముందు మధ్య గీతలు గట్టిగా పడి ఉంటే ఏ వైపు నుంచి వచ్చినా ఏమీ కాదు. కావలి అమ్మాయీ, అడుగు వెడల్పు ముక్క మీద రెండు రకాలూ కుట్టి చూసుకో. నీ మిషన్ చెప్తుంది.

మేస్త్రి ఇంటి అబ్బాయి (సోమవారం రాత్రి)

అక్కా, మాది సింగరాయకొండ. నాకు కుట్టు రాదు. మా నాన్న తాపీమేస్త్రి. మా అక్క ఈ చర్చ చూపించి, తిన్నటి గీత అంటే మీ పనే కదా అని అడిగింది. మేం చేసే పద్ధతి చెప్తాను, పనికొస్తుందేమో చూడండి.

పొడుగు గీతకి మేం స్కేలు వాడం. దారం కొడతాం. దారానికి పొడి రాసి, రెండు చివర్లా ఇద్దరు బిగించి పట్టుకుని, మధ్యలో లాగి వదిలితే గీత పడుతుంది. దారం బిగువుగా ఉంటే గీత వంకర రాదు, పది అడుగులైనా సరే. గుడ్డకైతే తెల్ల సుద్ద పొడే రాయండి. మేం వాడే ఎర్రపొడి, నీలం పొడి వద్దు, చీరకి పడితే పోదు.

నిలువు, అడ్డం మూలమట్టంగా ఉన్నాయో లేదో చూడాలంటే 3, 4, 5 లెక్క. రెండు గీతలు కలిసే చోటు నుంచి నిలువు గీత మీద 20 అంగుళాలకి ఒక గుర్తు, అడ్డం గీత మీద 15కి ఒక గుర్తు పెట్టండి. ఆ రెండు గుర్తుల మధ్య సరిగ్గా 25 రావాలి. 25 కన్నా ఎక్కువొస్తే మూల తెరుచుకుంది, తక్కువొస్తే మూసుకుంది. ఇల్లు పోసేటప్పుడు ముందు కొలిచేది ఇదే.

ఇంకొకటి. మీ ఇంట్లో రెండడుగుల టైల్స్ ఉంటే గుడ్డ పరిచేటప్పుడు టైల్ సందు మీద అంచు పెట్టుకోండి. సందు తిన్నగా ఉందో లేదో ముందు దారం లాగి చూసుకోండి.

చీమకుర్తి నుంచి

మా దగ్గర గ్రానైట్ పలకలు కోయగా పక్కన మిగిలే సన్న పట్టీలుంటాయి. మిషన్ కోత కాబట్టి అంచు దారం పట్టినట్టుంటుంది. నాలుగడుగుల పట్టీ ఒకటి తెచ్చి మా ఆవిడ కుట్టు గదిలో పెట్టాను. బరువుకి గుడ్డ జరగదు, అంచు వెంబడి గీసుకోవచ్చు. కోత అంచుల్ని నీళ్లు పోసి సాన రాయితో రుద్ది వాడండి, లేకపోతే పోగులు లేస్తాయి. వంటగట్టు రాళ్లు వేసేవాళ్ల దగ్గర ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి.

కావలి కోడలు (బుధవారం)

ఎంత ఓపికగా చెప్పారు అందరూ! దారం కొట్టడం మా అబ్బాయితో కలిసి ఒక పాత దుప్పటి మీద చేసి చూశాను. ఒక్క దెబ్బకి 68 అంగుళాల గీత పడింది. వాడు ఇంకా కొడదాం ఇంకా కొడదాం అంటాడు.

ఒక అనుమానం. చీరల్లో మూడు ముదురు రంగువి, రెండు తెల్లవి. సుద్ద గీత తెల్లవాటి మీద కనపడదు. మా మేనకోడలు వేడికి మాయమయ్యే పెన్ను వాడమంది. ఇస్త్రీ పెట్టగానే పోతుందట. వాడొచ్చా?

ఉదయగిరి టు మినియాపొలిస్ (బుధవారం)

దయచేసి ఆ పెన్ను వాడకండి అక్కా. నేను వాడి బాధపడ్డాను, అందుకే వెంటనే రాస్తున్నాను.

మా పాపకి చిన్న బొంత కుట్టాను. గళ్లన్నీ ఆ పెన్నుతోనే గీశాను. ఇస్త్రీ పెడితే శుభ్రంగా పోయింది. జనవరిలో ఒక రాత్రి కారు డిక్కీలో మర్చిపోయాం. ఇక్కడ జనవరి అంటే సున్నాకి ఎంతో కింద. పొద్దున తీస్తే గీతలన్నీ తిరిగొచ్చేశాయి, బొంత నిండా. ఆ సిరా వేడికి చెరిగిపోదు, రంగు మాత్రమే దాక్కుంటుంది. 60 డిగ్రీల దగ్గర మాయమై, మైనస్ 10, ఇంకా కింద చలికి మళ్లీ బయటికొస్తుంది. మళ్లీ ఇస్త్రీ పెట్టాను. పోయింది గానీ ముదురు గుడ్డ మీద తెల్లటి చార మిగిలిపోయింది.

కావలిలో అంత చలి ఉండదు కదా అనుకోవచ్చు. కానీ బొంతలు ఊళ్లు తిరుగుతాయి. రేపు మీ పిల్లలు ఎక్కడికి పట్టుకెళ్తారో! కావాలంటే ఒక చీర ముక్క మీద గీసి, ఇస్త్రీ పెట్టి, ఫ్రిజ్‌లో ఐసు గడ్డకట్టే అరలో ఒక రాత్రి ఉంచి చూడండి. అక్కడ మైనస్ 18 దాకా ఉంటుంది. ఏమవుతుందో మీకే కనపడుతుంది.

ఒంగోలు టీచరమ్మ

మంచి మాట చెప్పావు తల్లీ. నీళ్లకి పోయే నీలం పెన్నుకీ ఒక జాగ్రత్త ఉంది. నీళ్లతో పూర్తిగా కడిగేదాకా ఇస్త్రీ పెట్టె దగ్గరికి రానివ్వకూడదు. వేడి తగిలితే మరక పట్టేస్తుంది. గాలికి ఆరిపోయే ఊదా రంగుది మన కోస్తా ఉక్కలో తొందరగా పోతుంది, పొద్దున గీసింది సాయంత్రానికి ఉండకపోవచ్చు.

ముదురు చీరల మీదకి పలక మీద రాసే బలపం చాలు. మార్కాపురం పలకలతో పాటు మనం చిన్నప్పుడు కొనుక్కున్న బలపమే. చెక్కి మొన చేసుకుంటే సన్నటి తెల్లగీత వస్తుంది, దులిపితే పోతుంది. తెల్ల చీరల మీద రంగు ఏదీ పెట్టొద్దు. పేపర్ టేప్ అంటించి దాని అంచు వెంట కుట్టు. కుట్టగానే తీసెయ్యి. ఎండాకాలంలో రాత్రంతా ఉంచితే జిగురు గుడ్డకి దిగుతుంది.

ఆత్మకూరు పెద్దమ్మ (గురువారం)

మనవరాలు చదివి వినిపిస్తే నేను చెప్తున్నాను, అదే రాస్తోంది.

మేం బొంతలు చేత్తో కుట్టాం. నేలమీద పరిచి నలుగురం నాలుగు వైపులా కూర్చునేవాళ్లం. గీత గీసింది లేదు. రెండు వేళ్ల వెడల్పు చూసుకుంటూ పోవడమే. కళ్లు కుట్టు మీద పెడితే వంకరపోతుంది. పక్క వరస మీద పెట్టాలి. మిషన్ మీదైనా అంతే అనుకుంటా. సూదిని చూడకు, ఫుట్ పక్క ఎంత ఎడం ఉందో అది చూడు.

ముగ్గు వేసేటప్పుడు ముందు గీతలు గీస్తామా? చుక్కలు పెడతాం. నువ్వూ చుక్కలే పెట్టు. పైన ఒకటి, కింద ఒకటి, నడుమ రెండు మూడు. గుర్తు తక్కువైతే మరకా తక్కువే.

పాత చీర మెత్తబడి ఉంటుంది, చెప్పినట్టు వినదు. కలిపి కుట్టిన పైభాగానికి పల్చటి గంజి పెట్టి, నీడన ఆరేసి, కొంచెం తడి ఉండగానే ఇస్త్రీ చెయ్యి. కాగితంలా నిలబడుతుంది. గీత నిలబడుతుంది, గుడ్డ సాగదు. బొంత అయ్యాక మాత్రం ఉతికి గంజి తీసెయ్యాలి. గంజితో పెట్టెలో పెడితే పురుగు చేరుతుంది.

మీ అమ్మ చీరలు చెడిపోవులే. నెమ్మదిగా చెయ్యి.

పాటూరు మగ్గం (శుక్రవారం రాత్రి)

మాది నేత ఇల్లు. కోవూరు పక్కన పాటూరు. ఇందాకట్నుంచీ చదువుతున్నా. స్కేలు, దారం, రాయి అన్నీ చెప్పారు గానీ గుడ్డలోనే ఉన్న గీత సంగతి ఎవరూ అనలేదు.

గుడ్డ అంటేనే నిలువు పోగులు, అడ్డం పోగులు. మగ్గం మీద పడుగు బిగించి, పేక కొట్టి, రెంటినీ మూలమట్టంగా నేసి ఇస్తాం. అంతకన్నా తిన్నటి గీత నువ్వు ఏ సుద్దతో గీయగలవు? సాదా గుడ్డలో ఒక్క పోగు పట్టి మెల్లగా లాగు. అది వచ్చిన దారి సన్నటి గీతలా కనపడుతుంది. అడుగు గుడ్డని అంచు కోసేటప్పుడు అలా పోగు లాగి కోస్తే మొదలే తిన్నగా ఉంటుంది.

అసలు అడుగున తెల్ల మల్లు ఎందుకమ్మా? గళ్ల గుడ్డ వెయ్యి. గళ్లన్నీ పోగుల మీదే నేసి ఉంటాయి. బొంతను తిరగేసి అడుగు వైపు నుంచి ఆ గళ్ల వెంబడే కుట్టుకుంటూ పో. గీత గీయాల్సిన పనే లేదు. అమ్మ చీరల మీద సుద్ద, పెన్ను, టేపు ఏదీ పడదు.

కావలి కోడలు (శుక్రవారం రాత్రి)

అన్నా, మీ మాట చదివి లేచి నిలబడ్డాను. నాన్న లుంగీలు ఉన్నాయి. నీలం గళ్లవి. నాన్న మా దగ్గరే ఉంటారు. అమ్మ చీరల కింద నాన్న లుంగీ అన్న ఆలోచనే నాకు రాలేదు. ఇప్పుడే వెళ్లి అడిగాను. ఏది కావాలంటే అది తీసుకోమ్మా అన్నారు. కాసేపాగి, ఆ లేత నీలందైతే మీ అమ్మే కొన్నది అన్నారు.

2 మీటర్ల పొడవుంది, 50 అంగుళాల వెడల్పు. నా బొంతకి నాలుగు వైపులా ఇంకా మిగులుతుంది. పెద్ద గడి ఒక వైపు 2 అంగుళాలు, రెండో వైపు ఒకటీ ముప్పావు. సరిగ్గా చదరం కాదు. పరవాలేదా?

పాటూరు మగ్గం

పరవాలేదు. గళ్ల గుడ్డ చాలావరకు అంతే, చూసే కంటికి తేడా తెలియదు. పావు అంగుళాల కోసం మధ్యలో వేరే గీతలు కొలవబోకు, నేసినదాన్నే నమ్ము.

చూడాల్సింది ఇంకొకటుంది. ఉతికి ఉతికి లుంగీ ఒకవైపు లాగేసి ఉంటుంది. నీళ్లలో తడిపి, పొడవునా సగానికి మడిచి, పై గళ్లు కింది గళ్ల మీద కూర్చుంటున్నాయా చూడు. కూర్చోకపోతే మూల నుంచి మూలకి రెండు వైపులా కొలువు. ఏ మూలవాటు పొట్టిగా ఉందో ఆ రెండు మూలలు ఇద్దరు పట్టుకుని తడి మీదే లాగండి. నాలుగైదుసార్లు లాగి మళ్లీ కొలిస్తే రెండూ సమానమవుతాయి. అలాగే పరిచి ఆరబెట్టి ఇస్త్రీ చెయ్యి. ఇస్త్రీ పెట్టె అడ్డదిడ్డంగా తోయకూడదు, పోగు వెంబడే తోయాలి.

ఒంగోలు టీచరమ్మ (శనివారం)

చాలా మంచి దారి చెప్పారు. అడుగు నుంచి కుట్టేటప్పుడు రెండు విషయాలు గుర్తుంచుకో అమ్మాయీ.

ఒకటి, నీకు కనపడేది లుంగీ, చీరల వైపు కనపడేది బాబిన్ దారం, అంటే మిషన్ అడుగున చిన్న చక్రానికి చుట్టి పెట్టే దారం. కాబట్టి చీరలకి నప్పే రంగు బాబిన్‌లో వెయ్యాలి, లుంగీకి నప్పేది పైన వెయ్యాలి. పెద్ద బొంత మీద మొదలుపెట్టే ముందు ముక్క మీద కుట్టి టెన్షన్ (దారం బిగువు) చూసుకో. పై దారం అడుగున చుక్కలుగా కనపడకూడదు. నీ బొంతలో మొత్తం గీతలన్నీ కలిపితే 70 మీటర్ల పైనే కుట్టు ఉంటుంది. గీత మధ్యలో బాబిన్ అయిపోతే అతుకు కనపడుతుంది. సగానికి తగ్గగానే మార్చేయి, మిగిలింది వేరే పనికి వాడుకో.

రెండోది ముఖ్యం. లుంగీ గళ్లు తిన్నగా ఉన్నా, చీరల పట్టీల అతుకులు వాటికి సమాంతరంగా ఉండాలి కదా. పరిచేటప్పుడే చూసుకోవాలి. బొంత మధ్యలో ఉన్న అతుకు మీద, చీరల వైపు నుంచి గుండుసూదులు నిటారుగా గుచ్చు, ఈ చివర నుంచి ఆ చివరకి ఆరు. తిరగేసి చూడు. ఆరు మొనలూ లుంగీలో ఒకే గడి గీత మీద, లేదా దాని నుంచి ఒకే ఎడంలో తేలాలి. తేలకపోతే పిన్నీసులు తీసి పై పొర సర్దు. అది సరిపోయేదాకా మిషన్ దగ్గరికి పోవద్దు.

పిన్నీసులు గుప్పెడు దూరానికొకటి పెట్టు, లుంగీ వైపు నుంచే. గళ్ల గీతల మీద కాకుండా గడి మధ్యలో.

కొత్తగా నేర్చుకుంటున్నా (శనివారం)

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోవద్దు. మాది పొదిలి. విప్పిన చోట సూది బెజ్జాలు కనపడుతున్నాయి. పోతాయా?

స్టోన్‌హౌస్‌పేట టైలర్

నూలు గుడ్డైతే పోతాయి. నీళ్లు చల్లి గోటితో అటూ ఇటూ రుద్దు, పోగులు దగ్గరకొస్తాయి. విప్పేటప్పుడు కుట్టంతా ఒకేసారి లాగొద్దు. ఒక వైపు నాలుగు కుట్లకొకటి తెంపుకుంటూ పో, తిరగేసి రెండో వైపు దారం లాగితే మొత్తం ఊడొస్తుంది. గుడ్డకి నొప్పి లేదు.

కావలి అమ్మాయీ, మిషన్ ఎడమ పక్కన, వెనకన బల్లో మంచమో మిషన్ ఎత్తుకి వెయ్యి. బొంత బరువు కిందికి వేలాడితే అదే సూదిని పక్కకి లాగుతుంది. వంకర కుట్టుకి సగం కారణం అదే అని నా అనుభవం.

కావలి కోడలు (మూడు వారాల తర్వాత)

అయిపోయిందండీ. మీ అందరికీ వివరంగా చెప్పాలి.

లుంగీ తడిపి కొలిస్తే రెండు మూలవాట్ల మధ్య అంగుళంన్నర తేడా ఉంది. నేనూ మా అబ్బాయీ వరండాలో నిలబడి లాగాం. ఐదోసారికి సమానమైంది. చీరల పైభాగానికి పెద్దమ్మ చెప్పినట్టు గంజి పెట్టాను. గంజి వాసనకి నాన్న లోపలి నుంచి వచ్చి, మీ అమ్మ ఆదివారం ఇలాగే పెట్టేది అన్నారు.

పరవడానికే ఒక రోజంతా పట్టింది. లుంగీని టైల్ సందు మీద పెట్టి నాలుగు వైపులా పేపర్ టేప్‌తో నేలకి బిగించాను. దాని మీద దూది షీటు, దాని మీద చీరలు. గుండుసూదులు గుచ్చి చూస్తే మొదటిసారి ఒక చివర రెండు మొనలు గీత దాటి పోయాయి. సర్ది మళ్లీ గుచ్చాను. మూడోసారికి ఆరు మొనలూ నీలం గీతకి ఒక పోగు ఎడంలో వరసగా తేలాయి. ఆ వరస చూసి చాలాసేపు అలాగే కూర్చున్నాను.

వాకింగ్ ఫుట్ దొరికింది. రెండో షాపులో చూసినది మా మిషన్‌కి సరిపోయింది. మధ్య నిలువు, మధ్య అడ్డం ముందు వేసి, సగాలు, ఆ సగాల్లో సగాలు వేసుకుంటూ మిగిలినవి నింపాను. బాబాయ్, మీరు చెప్పినట్టు ముక్క మీద రెండు రకాలూ కుట్టాను. నా మిషన్ మీద ఒకే వైపు నుంచి కుట్టినదే బాగా వచ్చింది. ఎదురెదురుగా కుట్టిన ముక్కలో కొంచెం ఏటవాలు మెలిక కనపడింది. మంచం సంగతి మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం. నాన్న మడత మంచం మిషన్ వెనక వేశాక చెయ్యి నొప్పి కూడా లేదు.

బాబిన్లు నాన్నే చుట్టి ఇచ్చారు. అయిపోయేలోపే ఇంకోటి సిద్ధంగా పెట్టేవారు.

ఒక్క చోట తేడా ఉంది. కింది నుంచి మూడో పట్టీ, అమ్మ ఆకుపచ్చ చీర, దాని అతుకు పక్కన కుట్టు ఒక చివర ఆనుకుని, ఇంకో చివర రెండు మిల్లీమీటర్లు ఎడంగా ఉంది. అది కుట్టు తప్పు కాదు, నేను పట్టీ కలిపేటప్పుడే అతుకు వంకరగా వేశాను. విప్పలేదు. మిగతా గళ్లన్నీ గీసినట్టున్నాయి. చీరల మీద ఒక్క గుర్తు లేదు.

ఉతికి గంజి తీసే ముందు అంచు పట్టీ కుట్టాలి. మిగిలిన లుంగీ గుడ్డతోనే వేద్దామనుకుంటున్నాను. పట్టీని క్రాస్‌లో, అంటే పోగుకి ఏటవాలుగా కోయాలా, నిలువు పోగులోనా? క్రాస్ అయితే గుడ్డ చాలదేమో.

ఒంగోలు టీచరమ్మ

చదువుతుంటే నాకు కళ్లు తడి అయ్యాయి తల్లీ. అంచులు తిన్నగానే ఉన్నాయి కదా, నిలువు పోగులో కోయి, చాలు. మూలలు గుండ్రంగా ఉంటేనే క్రాస్ తప్పనిసరి. రెండున్నర అంగుళాల పట్టీలు తీసి మడతపెట్టి వెయ్యి. పట్టీలు కలిపే అతుకు మాత్రం ఏటవాలుగా వేస్తే అక్కడ మందం రాదు.

పాటూరు మగ్గం

గళ్ల గీత మీదే కొయ్యి అమ్మా. కత్తెర దానంతటదే తిన్నగా పోతుంది.